గుడ్డు కాదు, తిత్తి: ఆడపీతలా మారిన మగపీతల కేసు

ఈ కేసు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది, దాన్ని దాచేస్తే ఇక రాయడం దేనికి? అందుకే అది కూడా రాస్తున్నాను. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు మాత్రం రాయను. ఉత్తరాంధ్ర తీరంలో ఒక మత్స్యకార గ్రామం, అంతే.

నేపథ్యం

ఆ ఊరి వలల్లో ఎక్కువగా పడేది వీపు మీద మూడు ముదురు ఎర్ర చుక్కలుండే సముద్రపు పీత. శాస్త్రీయ నామం పోర్టునస్ శాంగ్వినోలెంటస్. వాటిలో గుడ్డు పీతలు కూడా వస్తుంటాయి, అంటే పొట్ట కింద గుడ్ల గుత్తి మోస్తున్న ఆడపీతలు. అలాంటి పీతను అమ్మితే చేతికొచ్చేది ఒక్క పీత డబ్బే, పోయేవి మాత్రం లక్షల గుడ్లు. ఆ ఊరి మహిళా సంఘం వాళ్లకు ఈ లెక్క బాగా ఎక్కింది. థాయ్‌లాండ్ తీరంలో పీతల బ్యాంకులని చాలా ఊళ్లలో నడుపుతారు: గుడ్డు పీతను డ్రమ్ములో పెట్టి, పిల్లలు బయటికొచ్చాక ఆ నీటిని సముద్రంలో వదిలి, తల్లిని పట్టుకొచ్చిన వాళ్లకు తిరిగి ఇచ్చేస్తారు. ఖర్చు తక్కువ, మందులు అక్కర్లేదు. వీళ్లూ ఒక షెడ్డు వేసి, నీలం డ్రమ్ములు కొని, జూన్ 14తో వేట నిషేధం ముగియగానే పని మొదలుపెట్టారు.

నేను అంతకుముందు చాలా ఏళ్లు రొయ్యల హేచరీల్లో, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే చోట్ల, పనిచేశాను. డ్రమ్ముల అమరిక, గాలి మోటార్లు, నీళ్ల వడపోత చూసిపెట్టమని అడిగితే వెళ్లి చూసి వచ్చాను. మొదటి నెల బాగానే నడిచింది.

పీతల గురించి తెలియని వాళ్ల కోసం ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పీతను వెల్లకిలా తిప్పితే పొట్ట మధ్యలో మడిచి అంటించినట్టు ఒక పలక కనిపిస్తుంది. అది నిజానికి దాని తోక భాగమే. నేను దాన్ని పొట్ట మూత అంటాను. మగపీతకు అది సన్నగా, కొసకు మొనదేలి ఉంటుంది. ఎదిగిన ఆడపీతకు వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది, ఎందుకంటే గుడ్లను దాని కిందే మోయాలి. చేపల మార్కెట్లో ఎవరైనా ఆడా మగా అని చూసేది దీన్నే. మూత ఎత్తితే లోపల ఇంకో తేడా ఉంటుంది. మగపీతకు పుల్లల్లాంటి గట్టి అవయవాలు రెండు జతలు, అవి జతకట్టడానికి. ఆడపీతకు వెంట్రుకలున్న మెత్తటి కాళ్లు నాలుగు జతలు, గుడ్లు అంటుకునేది ఆ వెంట్రుకలకే. ఈ రెండో తేడాను మార్కెట్లో ఎవరూ చూడరు. అప్పటికి నేనూ చూడలేదు.

ఫోను వచ్చిన రోజు

సంఘం లెక్కలు రాసే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, కొన్ని పీతల గుడ్లు రంగు వెనక్కి వెళ్తున్నాయి" అంది. వెనక్కి వెళ్లడమేమిటో నాకు అర్థం కాలేదు. పీత గుడ్లు పెట్టినప్పుడు పసుపు నారింజ రంగులో ఉంటాయి, పిండం పెరిగేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి, పొదిగే ముందు నల్లటి బూడిద రంగుకు వస్తాయి. మన వేడి నీళ్లలో ఇదంతా సుమారు పది రోజుల పని. రంగు ముందుకే వెళ్తుంది, వెనక్కి రాదు.

వెళ్లి రిజిస్టరు చూశాను. నలభై డ్రమ్ముల్లో పదకొండింట్లో ఇదే తంతు. గోధుమ రంగుకు వచ్చి, మళ్లీ పసుపుకు తిరిగి, మూడు వారాలైనా గుత్తి అలాగే ఉంది. వింత ఏమిటంటే అందులో నాలుగు డ్రమ్ముల ఎదురుగా "పిల్లలు వచ్చాయి, నీళ్లు వదిలాం" అని రాసి ఉంది, ఒక డ్రమ్ముకైతే రెండుసార్లు. ఆధారమంతా ఆ పేజీలోనే ఉంది. నేను చదివి, ఎవరో తేదీలు తప్పు రాసి ఉంటారనుకుని పేజీ తిప్పేశాను. ఆ అమ్మాయి ఒక్క తేదీ కూడా తప్పు రాయలేదని తర్వాత తెలిసింది.

ముందు నీళ్ల మీద పడ్డాను

రొయ్యల హేచరీలో పనిచేసిన వాడికి ఏది చెడినా అనుమానం ముందు నీళ్ల మీదకే పోతుంది. లవణీయత 33 పీపీటీ, బాగుంది. అమ్మోనియా కొంచెం ఎక్కువనిపించి రోజుకు రెండుసార్లు నీళ్లు మార్పించాను. గాలి పెంచాను. గుడ్లకు బూజు పట్టిందేమోనని అయోడిన్ నీళ్లలో ముంచి తీయించాను. వారం గడిచినా ఏమీ మారలేదు.

ఇప్పుడు చూస్తే ఆ వారం మొత్తం దండగ. ఒకే ట్యాంకు నుంచి ఒకే పైపులో వచ్చే నీళ్లు నలభై డ్రమ్ములకూ వెళ్తున్నాయి. ఇరవై తొమ్మిదింట్లో గుడ్లు శుభ్రంగా పొదుగుతున్నాయి. పాడైన డ్రమ్ము పక్కదే బాగుంది. తప్పు నీళ్లదైతే అలా ఎంచుకుని చెడగొట్టదు. ఈ ఒక్క మాట మొదటి రోజే అనుకుని ఉంటే ఆడవాళ్లకు అంత నీళ్లు మోసే శ్రమ తప్పేది.

అసలు తప్పు

తేలని పదకొండు పీతలనూ ఒక్కొక్కటిగా వెల్లకిలా తిప్పి పరిశీలించడం మొదలుపెట్టాను. నాలుగో పీత దగ్గర ఆగిపోయాను. మూత వెడల్పుగానే ఉంది, గుండ్రం మాత్రం పూర్తిగా లేదు. ఎత్తి చూస్తే లోపల మగపీతకుండే పుల్లలు. చిన్నవి, బలహీనంగా, కానీ ఉన్నాయి. డెక్కలు కూడా ఆ సైజు మగపీతకు ఉండాల్సినంత పొడవు లేవు, ఆడపీత డెక్కల్లా ఉన్నాయి. అలాంటివి పదకొండింట్లో మూడు దొరికాయి. మగపీతలు, ఆడ పొట్టతో, కింద "గుడ్లతో".

నా బుర్ర వెంటనే కాలుష్యం వైపు వెళ్లింది, దానికి కారణం నేను చదివినదే. ఓడల అడుగున నాచు, చిప్పలు పట్టకుండా వేసే రంగుల్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే రసాయనం కలిపేవారు. దాని వల్ల సముద్రపు నత్తల్లో ఆడవాటికి మగ అవయవాలు మొలిచాయి. ఆ రంగులను ఆపడానికి 2001లో అంతర్జాతీయ ఒప్పందం చేసుకున్నారు, 2008లో అది అమల్లోకి వచ్చింది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. పైగా ఆ ఊరికి కొంచెం ఎగువన ఒక ఫ్యాక్టరీ ఉంది, ఊరి వాళ్లకు దాని మీద ఎప్పటి నుంచో కోపం ఉంది. మగపీత ఆడపీతగా మారుతోందంటే నీళ్లలో ఏదో హార్మోన్ లాంటిది కలుస్తోందన్న మాట నా నోట్లోంచి వచ్చేసింది. షెడ్డులో పదిమంది ముందు అనేశాను.

సాయంత్రానికి ఊరంతా పాకింది. కుర్రాళ్లు ఆ పీతల ఫొటోలు తీసుకున్నారు, మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటామన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అబద్ధం చెప్పానని కాదు, నిజమో కాదో తెలియకుండా చెప్పానని. ఆ కుర్రాళ్ల నీళ్ల బాధ నిజమైనదే. రేపు ఎవరైనా నిపుణుడొచ్చి ఈ పీతల సంగతి వేరే అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, వాళ్ల నిజమైన ఫిర్యాదు కూడా నవ్వులపాలవుతుంది. నన్ను నిలబెట్టేసింది ఈ ఆలోచనే.

తెల్లారకముందే వెళ్లి పెద్దల్ని కలిసి, మూడు రోజులు టైం ఇవ్వండి, నేనన్నది రుజువు కాని మాట అని చెప్పాను. కొందరు నా మీద గట్టిగానే అరిచారు. వాళ్ల కోపం న్యాయమే.

ఒక పెద్దావిడ చెయ్యి, ఒక తెల్లవారుజాము

ఆ షెడ్డులో పీతలను శుభ్రం చేసే ఒక పెద్దావిడ ఉంది. నలభై ఏళ్లుగా పీతల్ని తీస్తున్న చెయ్యి. నేను మూత ఎత్తి చూస్తుంటే వెనక నుంచి అంది: "ఇది గుడ్డు కాదు బాబూ, తిత్తి. గుడ్డయితే చేతికి రవ్వలా తగల్దా?"

వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంది. గింజ లేదు. పక్క డ్రమ్ములో అసలు గుడ్డు పీతను ముట్టుకుంటే బొంబాయి రవ్వ ముద్దను తాకినట్టుంది. ఈ నున్నటిదానికి ఒక చోట చిన్న రంధ్రం కూడా ఉంది, గుత్తిగా కాకుండా పొట్టకు ఒకే ఒక చిన్న కాడతో అతుక్కుని ఉంది. గుడ్లు అలా ఉండవు, అవి నాలుగు జతల కాళ్ల వెంట్రుకలకూ అంటుకుని ఉంటాయి.

"ముందే చెప్పలేదేం పెద్దమ్మా?" అని అడిగాను. "నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలిసే ఉంటాదనుకున్నాను" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

ఆ రాత్రి డ్రమ్ముల దగ్గరే పడుకున్నాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు, నాలుగో డ్రమ్ములో, అంటే ఆ మగపీత ఉన్న డ్రమ్ములో, ఏదో కదలిక. టార్చి వేసి చూస్తే పీత కాళ్ల మీద పైకి లేచి నిలబడి, పొట్ట మూతను తెరుస్తూ మూస్తూ విసనకర్రలా ఊపుతోంది. ఆడపీత పిల్లల్ని వదిలేటప్పుడు సరిగ్గా ఇదే చేస్తుంది. తిత్తి రంధ్రంలోంచి పొగలా ఏదో బయటికి వస్తోంది, పీత ఆ పొగను నీళ్లలోకి తోస్తోంది. మగపీత, తనవి కాని పిల్లల్ని, తల్లిలా సాగనంపుతోంది. నేను చాలా హేచరీలు చూశాను, ఇలాంటిది చూడలేదు.

ఆ నీళ్ల చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాక ఇక సందేహం మిగల్లేదు. పీత పిల్ల అంటే జోయియా: పెద్ద కళ్లు, వీపు మీద పొడవాటి ముల్లు, తోక. ఇక్కడున్నది అది కాదు. చిన్న డాలు ఆకారం, మూడు జతల కాళ్లు, ముందు రెండు మూలలా రెండు కొమ్ములు. ఇలా మూడు జతల కాళ్లుండే తొలి దశ పిల్లను నాప్లియస్ అంటారు, అది రొయ్యల్లో కూడా ఉంటుంది, హేచరీ వాళ్లందరికీ తెలుసు. కానీ ఆ కొమ్ములున్న నాప్లియస్ పడవల అడుగున గట్టి గుల్లలా పట్టే బార్నకిల్ అనే జీవి జాతిది మాత్రమే. పీత పొట్ట కింద ఉన్న తిత్తి ఒక బార్నకిల్. సాక్యులైనా అనే పరాన్నజీవి.

అప్పుడు రిజిస్టరు గుర్తొచ్చింది. రంగు వెనక్కి వెళ్లడం, ఒకే పీతకు రెండుసార్లు "పిల్లలు" రావడం. తిత్తి ఒక కాన్పు వదిలాక మళ్లీ ఇంకో కాన్పుకు నిండుతుంది. అందుకే గోధుమ రంగు నుంచి పసుపుకు తిరిగింది. అంటే ఆ నాలుగు డ్రమ్ముల్లోంచి మేం పిల్ల పీతలనుకుని, చప్పట్లు కొట్టి, సముద్రంలో వదిలింది ఈ పరాన్నజీవి పిల్లల్ని. పీతల్ని కాపాడదామని పెట్టిన షెడ్డులో వాటి శత్రువును పెంచి పంపాం. ఈ సంగతి సంఘం వాళ్లకు చెప్పడమే ఈ కేసు మొత్తంలో నాకు కష్టమైన పని.

మగపీత ఆడపీతలా ఎందుకు మారుతుంది

సాక్యులైనా ఆడ లార్వా (ఇంకా ఎదగని పిల్ల) పీత ఒంటి మీద వాలి, కొన్ని కణాలను మాత్రమే లోపలికి ఎక్కిస్తుంది. కాళ్లు, పెంకు అన్నీ బయటే వదిలేస్తుంది. ఆ కణాలు లోపల చెట్టు వేళ్లలా పేగు చుట్టూ, కాలేయం లాంటి గ్రంథి చుట్టూ పాకి, పీత తినే తిండి మీద బతుకుతాయి. కొంతకాలానికి పొట్ట మూత కింద, సరిగ్గా ఆడపీత గుడ్లు మోసే చోట, తిత్తి బయటపడుతుంది. చిన్న మగ లార్వాలు వచ్చి ఆ తిత్తిలోకి చేరితేనే అందులో గుడ్లు ఫలిస్తాయి. పీత మాత్రం ఇక గొడ్డుబోతుంది.

ఆడపీత అయితే దానికి గుడ్లను చూసుకునే అలవాటు ఎలాగూ ఉంది, తిత్తిని కూడా గుడ్లే అనుకుని శుభ్రం చేస్తుంది. మగపీతకు ఆ చోటూ లేదు, ఆ అలవాటూ లేదు. పీతల్లో, రొయ్యల్లో మగ లక్షణాలను నడిపేది వీర్యం మోసే గొట్టానికి అంటుకుని ఉండే ఆండ్రోజెనిక్ గ్రంథి. 1954లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్నియో కాటన్ ఇసుకలో గెంతే ఒక చిన్న తీరజీవిలో దీన్ని కనిపెట్టింది, ఆడవాటికి ఆ గ్రంథి అతికిస్తే అవి మగవాటిలా మారాయి. మన దగ్గర ఆల్ మేల్ స్కాంపి, అంటే అన్నీ మగవే ఉండే మంచినీటి రొయ్య, పెంచిన రైతులకు ఇది వేరే దారిలో తెలిసిన సంగతే. చిన్న మగ స్కాంపిలో ఈ గ్రంథి హార్మోన్‌ను ఆపేస్తే అది ఆడదిగా పెరుగుతుంది, దాన్ని మామూలు మగదానితో కలిపితే పుట్టేవన్నీ మగవే. పరాన్నజీవి పట్టిన మగపీతలో ఈ గ్రంథి దెబ్బతింటుంది. తర్వాత పెంకు విడిచిన ప్రతిసారీ మూత కొంచెం వెడల్పవుతుంది, పుల్లలు కుంచించుకుపోతాయి, డెక్కలు చిన్నవవుతాయి.

శరీరం ఒక్కటే కాదు, నడవడి కూడా మారుతుంది. ఆస్ట్రేలియాలో మోర్టన్ బే పీతల్లో దీన్ని ఎప్పుడో గమనించారు, పట్టిన మగపీతలు గుడ్లు పెట్టబోయే ఆడపీతల్లా ప్రవర్తిస్తాయని. నేను డ్రమ్ములో చూసింది ఆ కోవలోదే.

కాలుష్యం మాట పూర్తిగా కొట్టేయడానికి ఇంకొకటి తేలాల్సి ఉంది. వెడల్పు మూత ఉన్న ప్రతి మగపీతకూ తిత్తి ఉందా? పడవల దగ్గర ఇంకొన్ని వెతికితే తిత్తి లేని వెడల్పు మూత మగపీతలు రెండు దొరికాయి. ఒక పూట నా పాత అనుమానం మళ్లీ లేచింది. పెంకు తీసి చూశాను. రెండింట్లోనూ లేత రంగు దారాల్లా వేళ్లు అల్లుకుని ఉన్నాయి. తిత్తి ఇంకా బయటికి రాలేదంతే. అదే వలలో పడ్డ మామూలు మగపీతల్ని కూడా కోసి చూశాను, వాటిలో వేళ్లు లేవు.

కుర్రాళ్లను కూర్చోబెట్టి ఇదంతా చూపించాను. "మరి ఫ్యాక్టరీ నీళ్లు మంచివేనంటారా?" అని ఒకడు అడిగాడు. అలా అనలేదురా బాబూ, ఆ నీళ్ల పరీక్ష వేరే అడగండి, నేనూ సంతకం పెడతాను, పీతల్ని మాత్రం దానికి సాక్ష్యంగా పెట్టకండి అన్నాను. వాళ్లు విన్నారు.

పనికిరానివి

తిత్తిని కోసేస్తే పీత బాగవుతుందేమోనని సంఘం వాళ్లు అడిగారు. లోపల వేళ్లుంటాయని తెలిసీ ఆరు పీతలకు చేశాను, ఎందుకంటే చేసి చూపించకపోతే ఎవరో ఒకరు ఇంట్లో చేస్తారు. నాలుగు రెండు రోజుల్లో చచ్చిపోయాయి. బతికిన రెండింటినీ కొన్నాళ్ల తర్వాత కోసి చూస్తే వేళ్లు అలాగే ఉన్నాయి. మంచినీళ్లలో ముంచడం కూడా అడిగారు. బయట పట్టే మామూలు బార్నకిల్స్‌కు అది పనిచేస్తుంది, లోపల ఉన్నదానికి చేరదు, పీతకు మాత్రం హింస. అది నేను చేయనివ్వలేదు. పట్టిన పీతకు వైద్యం లేదు, ఈ మాట సూటిగా చెప్పేయడమే మంచిది.

పనికొచ్చింది

డ్రమ్ము దాకా రానివ్వకపోవడం ఒక్కటే పనిచేసింది. పడవ ఒడ్డుకు రాగానే ప్రతి గుడ్డు పీతను పెద్దమ్మ పద్ధతిలో వేలితో చూస్తారు. రవ్వలా తగిలితే డ్రమ్ముకు. నున్నగా ఉండి, ఒకే కాడ, ఒకే రంధ్రం ఉంటే ఎర్ర బకెట్‌లోకి. సందేహముంటే మూత ఎత్తి లోపలి కాళ్లు లెక్కపెడతారు. బడికెళ్లే పిల్లలు కూడా వారంలో నేర్చేసుకున్నారు.

ఎర్ర బకెట్ పీతల్ని ఏం చేయాలన్న దగ్గర కొంచెం చర్చ జరిగింది. ఊళ్లో పాత అలవాటు, తిత్తి పీత కండ లేక నీళ్లగా ఉంటుంది కాబట్టి సముద్రంలోకి విసిరేయడం. పాపం పోనీలే అన్న దయ కూడా అందులో ఉంది. కానీ విసిరేసిన ప్రతి పీతా ఇంకా కొన్ని కాన్పులు వదులుతుంది. మంచి పీతల్ని పట్టుకుని, తిత్తి పీతల్ని తిరిగి వదిలితే, మనమే ఏరి ఏరి రోగాన్ని సముద్రంలో మిగిలిస్తున్నట్టు. అందుకని మరిగే నీళ్లలో వేసి, ఒడ్డుకు దూరంగా కొబ్బరి చెట్ల కింద పాతిపెట్టాలని ఒప్పుకున్నారు. ఇది మనుషులకు సోకదని కూడా గట్టిగా చెప్పాల్సి వచ్చింది, లేకపోతే మంచి పీతల బేరం కూడా పడిపోయేది.

ఇంకో మార్పు, నీళ్లు వదిలే ముందు ప్రతి డ్రమ్ము నుంచి ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూడడం. లెక్కలు రాసే అమ్మాయికే అది నేర్పాను. ముల్లుంటే వదులు, కొమ్ములుంటే బ్లీచింగు వేసి ఆపు. రిజిస్టరులో ఆ అమ్మాయి ఏ వింత రాసినా ఇప్పుడు ముందు దాన్నే నమ్ముతాను, నా అనుమానం తర్వాత.

సీజను చివర్లో ఇంకో పీత వచ్చింది. మూత ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా ఉంది, లోపల ఎడమ వైపు పుల్లలు, కుడి వైపు వెంట్రుకల కాళ్లు. "ఇది కూడా తిత్తిదేనా సార్?" అని ఆ అమ్మాయి అడిగింది. కోసి చూస్తే ఒక్క వేరు కూడా లేదు. ఇది పుట్టుకతోనే సగం మగ, సగం ఆడ. అమెరికాలో చెసాపీక్ బేలో 2005లో ఇలాంటి నీలి పీత ఒకటి దొరికింది, ఒక డెక్క మగపీత నీలం, ఇంకొకటి ఆడపీత ఎరుపు. దాన్ని ఎర్ర బకెట్‌లో వేయక్కర్లేదని చెప్పి, స్పిరిట్ సీసాలో పెట్టి, తేదీ, వల పడ్డ లోతు రాసి అంటించాం. తిత్తి ఉన్న మగపీత సీసా, తిత్తి లేకుండా వేళ్లు మాత్రమే ఉన్న మగపీత సీసా, ఇది, మూడూ ఆ షెడ్డులో గూట్లో పక్కపక్కనే ఉన్నాయి. కొత్తగా పనిలోకి వచ్చే వాళ్లకు పెద్దమ్మ ముందు వాటిని చూపించి, తర్వాతే పీతను చేతికిస్తుంది.